ఆరింటి తాళం

టకొరాడి మార్కెట్ సర్కిల్లో
గొడుగులు బాగుచేసే కొట్టుకీ ఎండుచేపల బల్లకీ మధ్య
నా దుకాణం.
రెండు డెక్కులు, ఒక స్టూలు, డబ్బా నిండా పెన్సిళ్ళు.
పెన్సిళ్ళు రాయడానికి కాదు,
బయటపడ్డ టేపు పేగుల్ని లోపలికి చుట్టడానికి.
పేర్లు ఎర్ర బాల్‌పెన్నుతో రాసేదాన్ని.
గుండ్రటి అక్షరాలు.
పాట కన్నా ముందు అట్టని మెచ్చుకునేవాళ్ళు జనం.

సైనికులొచ్చిన ఏడు
సాయంత్రం ఆరింటికి సైరన్ మొదలైంది.
ఆరు దాటితే వీధి వాళ్ళది.
రాత్రి మీద బతికేవాళ్ళు ఏంచేస్తారు?
రేవు దగ్గరి డాన్స్ హాల్లో
తాళం వేసేవాళ్ళు ఇంటికి పోయారు,
తలుపుకి తాళం పడింది.
తర్వాత అందులో కసావా బస్తాలు పెట్టారు.
వానలు లేని ఏడు కదా,
బస్తాలూ ఎక్కువ రోజులు లేవు.

రేడియో ఆఫీసు నుంచి అబ్బాన్‌గారు
స్వయంగా నా కొట్టుకొచ్చాడు.
"కష్టపడండి అని చెప్పే పాటలున్నాయా, అరాబా?"
"ఆకలేస్తోంది అనేవి ఉన్నాయి."
"అవొద్దు. మరీ దిగులు వద్దు, మరీ సంతోషమూ వద్దు."
వెతగ్గా వెతగ్గా మూడు దొరికాయి.
గోడకి కొట్టిన రేడియో పెట్టెల్లో
నెలంతా ఆ మూడే.
మా మేనత్త వాటికి పేర్లు పెట్టింది:
పొద్దుటి గంజి, మధ్యాహ్నం గంజి, రాత్రి గంజి.

ఫ్యాక్టరీకి ప్లాస్టిక్ రావడం ఆగిపోతే
కంపెనీవాళ్ళు పాత రికార్డులు తూకానికి కొని
కరిగించి కొత్తవి పోశారు.
ఎవరి పెళ్ళి పాటో ఎవరి చావు పాటలోకో పోయింది.
సూది కింద ఇసుక చప్పుడు.
అది కరగనన్న పాటని నేననేదాన్ని,
కొనేవాళ్ళు నవ్వేవాళ్ళు కాదు.

ట్రంపెట్ ఏకో బెంట్సిల్ చర్చిలో చేరాడు.
అక్కడ ఆంప్లిఫయరుంది, ఆదివారం పగలే ఉంటుంది.
అవే స్వరాలు.
'ప్రియా' ఉన్నచోట 'ప్రభూ' అంటే సరిపోయింది.
ఒకరోజు అడిగాను,
"నీ పాటకి నకళ్ళు తీసి అమ్ముతున్నాను,
నేను దొంగనేనా?"
ట్రంపెట్‌లోంచి ఉమ్ము విదిలించి అన్నాడు:
"నువ్వు లేకపోతే నా పాట గడప దాటదు.
నువ్వుంటే
నా గడపలోకి పెసెవా రాదు."
ఆ పూట అతనికి పెట్టడానికి
నా దగ్గర సగం రొట్టె ఉంది. తిన్నాడు.

వాళ్ళ ఆఖరి రికార్డింగు నేనే చేశాను,
కొట్టు వెనక, పరుపులు అడ్డంపెట్టి.
నాలుగో చరణం మధ్యలో
డ్రమ్ములమీంచి కోబినా ఎసెల్ లేచిపోయాడు.
ఐదూ ఇరవై. ఇల్లు నలభై నిమిషాల నడక.
కర్రలు కిందపెట్టిన చప్పుడూ
చెప్పుల చప్పుడూ టేపులో పడ్డాయి.
అక్కడితో పాట అయిపోయింది.

తర్వాత ఎఫ్ఎంలు వచ్చాయి, వీధికొకటి.
పాట వెయ్యాలంటే కవరివ్వాలి,
కవరులో ఏముండాలో వేరే చెప్పక్కర్లేదు.
తర్వాత ఫోన్లు.
నా డెక్కుల మీద గుడ్డ కప్పాను.

మొన్న హాంబర్గ్ నుంచి ఒక కుర్రాడు, టిల్మన్.
మోకాళ్ళ మీద కూచుని ఆ టేపు విన్నాడు, కళ్ళు మూసుకుని.
"ఈ ముగింపు! ఎంత ధైర్యం!"
"ధైర్యం కాదు నాయనా, భయం."
దాన్నీ రాసుకున్నాడు.
ఏకో పోయి పదకొండేళ్ళు. కూతురు సెకొండిలో
ఫోన్ కార్డులమ్ముతుంది.
ముందు ఆమెకి డబ్బు, తర్వాతే నా కబుర్లు అన్నాను.
ఇచ్చాడట. ఎంతో ఆమె చెప్పలేదు,
నేనడగలేదు.

రికార్డు వచ్చింది, దళసరి అట్ట.
మీద నా ఎర్ర అక్షరాలే, పెద్దవి చేసి.
వాయించే పెట్టె నా దగ్గర లేదు,
ఏకో మనవడు ఫోన్లో వినిపించాడు.
ఇసుక లేదు. శుభ్రంగా ఉంది.
నాలుగో చరణం దగ్గర
పాట కొద్దికొద్దిగా సన్నబడి
మర్యాదగా ఎటో వెళ్ళిపోయింది.
చెప్పుల చప్పుడు తీసేశారు.

మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ అంతే.
కోబినా ఇంకా లేవలేదు,
చేతుల్లో కర్రలున్నాయి,
బయట ఆరవుతోంది.